పెరటి పిట్ట వేటలోకి రాదు

ఈ సంగతి నేనే రాసి పెట్టాలి. పోయిన చైత్రంలో మా పెరట్లో జరిగినదానికి మా ఊళ్లో ఇప్పటికే రకరకాల కథలు నడుస్తున్నాయి. నేను పిట్టలకు మందు పెట్టానని ఒకరు అంటారు. గ్రంథాలయంలో ఏదో మంత్రం నేర్చుకుని వచ్చానని ఇంకొకరు. డుంబ్రిగుడ సంతలో ఒకామె నన్ను ఆపి, "ఆ మంతరం మా కోళ్లకి కూడా పనిసేస్తాదా?" అని అడిగింది. ఇలాగే వదిలేస్తే ఇంకో ఏడాదికి నేను పిట్టలతో మాట్లాడతానని కూడా అంటారు.

ఇంకో కారణం కూడా ఉంది. పిట్టల్ని ఇంటి దగ్గరికి ఎలా రప్పించుకోవాలో చెప్పే పుస్తకాలు నేను చదివాను. వాటిని రాసినవాళ్లకు బాల్కనీలు, పచ్చిక బయళ్లు ఉంటాయి కాబోలు. నీళ్లు పెట్టండి, పండు పెట్టండి, పొదలు నరకకండి అంటారు. అంతా నిజమే. కానీ వచ్చిన పిట్టను ఊరంతా కూర కింద లెక్కేస్తే ఏం చెయ్యాలో ఒక్క పుస్తకంలోనూ దొరకలేదు. చదివిన మనిషిగా ఆ లోటు నాకు తెలిసింది కాబట్టి రాయాల్సిన బాధ్యత కూడా నాదే అనుకుంటున్నాను.

పేర్లు మాత్రం రాయను. వేట మాట వస్తే అటవీశాఖ వాళ్లు ఊరుకోరు. ఎవరికీ తలనొప్పి తేవడం నా ఉద్దేశం కాదు.

నేను ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి వరకు చదివాను. తరవాత చదువంతా అరకు గ్రంథాలయంలోనే. పెళ్లయి ఈ ఊరొచ్చాక, కాఫీ గింజలు అమ్మడానికి మా ఆయనతో అరకు వెళ్లినప్పుడల్లా, ఆయన తూకం దగ్గర నిలబడితే నేను గ్రంథాలయంలో కూర్చునేదాన్ని. మొదట్లో వారపత్రికలు, తరవాత వైద్యం పుస్తకాలు, ఆ తరవాత గోడ పక్క బీరువాలో ఉన్నవన్నీ. గ్రంథపాలకుడు విజయనగరం వైపు నుంచి వచ్చిన మనిషి. ఇంటికి తీసుకెళ్లమని పుస్తకాలు ఇచ్చేవాడు. "తడవకుండా చూడమ్మా" అన్నదొక్కటే ఆయన పెట్టిన షరతు. వానాకాలం మా దారి సంగతి ఆయనకు తెలుసు. ఇంట్లో మేము మాట్లాడుకునేది కొండ ఒడియా. తెలుగు నాకు బళ్లో కొంచెం, సంతలో కొంచెం, గ్రంథాలయంలో ఎక్కువ వచ్చింది. ఇక్కడ మా వాళ్ల మాటలన్నీ సంతలో మేము మాట్లాడే తెలుగులోనే రాస్తున్నాను.

పిట్టల పిచ్చి పుస్తకంతోనే మొదలైంది. అందులో చెప్పినట్టు మొదట నేను చేసిన పని పెరడు ఊడవడం మానేయడం. రాలిన ఆకు కింద పురుగు చేరుతుంది, పురుగు కోసం పాడే పిట్టలు వస్తాయి అని ఉంది అందులో. పనస చెట్టు నుంచి గొడ్ల సాల గోడ వరకు ఆకు అలాగే వదిలేశాను. పక్కింట్లో మా వదిన ఉంటుంది. మా ఆయనకు అక్క. భర్త పోయాక పుట్టింటి పక్కనే ఇల్లు కట్టుకుంది. ఊరి ఆడవాళ్లందరికీ ఆమే పెద్ద. రెండు రోజులు చూసింది, మూడో రోజు కంచె మీద మోచేతులు ఆనించింది.

"ఏటే మరదలా, సీపురు అరిగిపోనాదా? నాది పట్టుకెల్లు."

"కావాలనే ఒగ్గేసినాను వదినా. పుస్తకంలో రాసినారు."

"ఊడవొద్దని రాసే పుస్తకం కూడా ఉన్నాదా? అది నాకూ ఇయ్యి. సదవడం రాదు గాని తల కింద ఎట్టుకుని తొంగుంటాను."

పిట్టలు నిజంగానే వచ్చాయి. తలమీద కుచ్చున్న పికిలిపిట్టలు బొప్పాయి కోసం. తేనెపిట్టలు అరటి పువ్వు కోసం. చలికాలం వెళ్లిపోతుండగా ఒక నల్లటి, తెల్లటి పిట్ట వచ్చి గొడ్ల సాల కప్పు మీద కూర్చుని, తోక నిటారుగా పైకి ఎత్తి, ఈల వేసింది. మా అత్త బతికుండగా దాన్ని ఈలపిట్ట అనేది. దాని పుస్తకం పేరు పెద్దనలంచి అని నేను గ్రంథాలయంలో పట్టుకున్నాను. బొమ్మ పక్కన ఆ పేరు చూసినప్పుడు కలిగిన సంతోషం ఎవరికి చెబితే అర్థమవుతుంది? గ్రంథపాలకుడికి చెప్పాను. "మా ఇంటి వెనక కూడా ఉంటుందమ్మా, పేరు నాకూ తెలీదు" అన్నాడు. ఆ రోజంతా నాకు కాళ్లు నేల మీద ఆనలేదు.

దాని ఆడది బూడిద రంగులో ఉంటుంది. రెండూ కలిసి గొడ్ల సాల మట్టిగోడలో, పాత దూలం ఊడిపోయిన కన్నంలో గూడు పెట్టాయి. నేను పనస చెట్టుకింద మొద్దు మీద ఒక వెడల్పాటి మట్టి మూకుడు పెట్టి నీళ్లు పోశాను. పిట్ట వాలడానికి వీలుగా మూకుడు మీద అడ్డంగా ఒక పుల్ల కూడా పెట్టాను. అది కూడా పుస్తకంలో ఉన్నదే.

పొద్దున్నే మా ఆయన పళ్లపుల్ల నోట్లో పెట్టుకుని పెరట్లోకి వచ్చేవాడు. పిట్ట ఈల వేస్తే తిరిగి ఈల వేసేవాడు. పిట్ట కోపంతో దగ్గరికొచ్చి, రెక్కలు దించి, ఇంకా గట్టిగా వేసేది.

"అలగ సేయకు," అన్నాను. "మగది పాడేది ఇది నా జాగా అని సెప్పడానికి. ఇంకో మగది దాని ఇంటి మీదికి వచ్చిందనుకుంటాది."

"దాని ఇల్లేటి? పట్టా ఉందా?"

అని మళ్లీ ఈల వేసేవాడు. నాకు కోపం వచ్చేది, నవ్వూ వచ్చేది. ఆ రోజుల్లో ఇంతకంటే పెద్ద దిగులు నాకు లేదు.

మా ఊళ్లో జనం కంచె దగ్గర ఆగి మూకుడు వంక చూసి మెచ్చుకోలుగా తల ఊపుతుంటే, నా చదువును గుర్తిస్తున్నారనుకున్నాను. మా పెద్దమావ, అంటే మా మామగారి అన్న, కర్ర పట్టుకుని ఒక రోజు పెరట్లోకే వచ్చాడు. వేటకు వెళ్లే మగవాళ్లకు ఆయనే పెద్ద. మొద్దు చుట్టూ తిరిగాడు. పుల్లను వేలితో నొక్కి చూశాడు.

"బాగున్నాది కోడలా. ఒంపు కూడా సరిగ్గా ఎట్టినావు. బేగి రాసేయకు. ముందు వాటి బెదురు పోనీ."

నేను నవ్వి, సరే మావా అన్నాను. ఏం రాయకూడదో ఆయన వెళ్లిపోయాక తట్టింది. పనస పాలు కాచి జిగురు బంక చేస్తారు మా దగ్గర. ఎండాకాలం కొండమీద నీటిగుంటల పక్కన పుల్లలు పెట్టి, పిట్టలు అలవాటు పడే దాకా ఉత్త పుల్లలే ఉంచి, అప్పుడు బంక రాస్తారు. వాలిన పిట్ట కాలు అంటుకుపోతుంది. నేను పుస్తకం చూసి కట్టినదానికీ మా తాతల నాటి ఉచ్చుకూ ఏ తేడా లేదు. నీళ్లు అవే, అడ్డం పుల్ల అదే, పనస చెట్టు కూడా పక్కనే ఉంది. ఊరంతా మెచ్చుకున్నది నా చదువును కాదు, నా ఓపికను.

ఆ సాయంత్రమే వదినతో చెప్పాను, ఇది పట్టడానికి కాదు, పాట వినడానికి అని.

"పాటకా? నీ ఫోన్లో నేవా పాటలు?"

"అవి వేరు వదినా."

"వేరే. ఫోన్లో పాటని కూర వండుకోలేం." అని నవ్వుతూ లోపలికి వెళ్లిపోయింది. ఆమె ఒక్క ముక్క కూడా నమ్మలేదని తెలుసు.

ఇక్కడ మా పండుగ గురించి చెప్పాలి. చైత్రంలో ఇటుకల పండుగ వస్తుంది. ఇంటింటి నుంచి విత్తనాలు తెచ్చి దేవత దగ్గర పెట్టి పంచుకుంటాం. తరవాత మగవాళ్లు వేటకు కొండెక్కుతారు. ఆడవాళ్లం అరకు రోడ్డు మీద కర్ర అడ్డం పెట్టి కార్లను ఆపుతాం, పండుగ డబ్బులు అడుగుతాం, థింసా ఆడతాం. వేటనుంచి ఏదైనా తెచ్చిన మగవాళ్లకు కాళ్లు కడిగి దండం పెడతాం. ఉత్త చేతులతో వచ్చినవాళ్ల మీద పేడనీళ్లు కుమ్మరిస్తాం. తిట్లు కూడా తిడతాం. ఆ రోజు ఏమన్నా ఎవరూ మనసులో పెట్టుకోకూడదు.

కొన్నేళ్లుగా మగవాళ్లు ఉత్త చేతులతోనే వస్తున్నారు. కొండమీద ఏమీ లేదు. ఉన్నదాన్ని కొట్టవద్దని అటవీశాఖ వాళ్లు ముందే వచ్చి చెప్పి వెళ్తున్నారు. అంటే ప్రతి ఏడాదీ పేడే.

పండుగ దగ్గరకొచ్చాక పెద్దమావ, మా ఆయన కలిసి వచ్చారు. పెద్దమావ అరుగు మీద కూర్చున్నాడు. మా ఆయన కూర్చోలేదు. అప్పుడే అనుమానం వచ్చింది.

"కోడలా, ఈ ఏడు మేం కొండెక్కి ఊరికే తిరిగొస్తాం. ఏ జంతువునీ ముట్టుకోం. కానీ నా వయసు సూడు. మళ్లీ నెత్తిన పేడ పోయించుకోలేను. పిట్టని పట్టినా ఏటాడినట్టే. నీ పెరట్లోది ఒక్కటి సాలు. ఒకే ఒక్క పిట్ట."

"పికిలిపిట్టలు మూకుడు దగ్గరికి ఎప్పుడో గాని రావు మావా."

"ఆ ఈలేసేది వస్తాది గదా. మడిసిని సూసినా కదలదు."

మా ఆయన పనస చెట్టు వంక చూస్తూ, "మేం తిరిగొచ్చే రోజు పొద్దున్న నాను ముందే దిగొచ్చి బంక రాసి, పట్టుకుని మళ్లీ పైకెళ్లిపోతాను. ఎవులూ సూడరు," అన్నాడు.

వాళ్లు అడిగినది పెద్ద తప్పు అని నేను అనలేను. చిన్నప్పుడు మా అన్న ఉండేలుతో కొట్టిన పికిలిపిట్టలు కాల్చుకుని తిన్నదాన్నే నేను కూడా. ఆ ముసలాయన అడిగింది కూడా న్యాయంగానే ఉంది. కానీ గోడ కన్నంలో అప్పటికే పిల్లలున్నాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ పురుగులు మోసుకొస్తున్నారు. పిల్లల్ని ఇద్దరూ మేపుతారని నేను చదివాను, కళ్లతో చూస్తున్నాను. ఒకటి పోతే రెండోది అంతమందిని సాకగలదా అన్నది పుస్తకంలో లేదు. పోనీ, ఆ మగపిట్ట మనిషిని చూసి కదలకపోవడానికి కారణం ఎవరు? నేను. రోజూ నీళ్లు పోసి, నెమ్మదిగా నడిచి, బెదురు పోగొట్టింది నేనే.

నేను అవుననలేదు, కాదనలేదు. పెద్దమావ దాన్ని అవును కింద తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి నాకు కాలు ఒక చోట నిలవలేదు. మూకుడు తీసేశాను. పిట్ట ఉత్త మొద్దు మీద కూర్చుని ఈల వేసింది. ఎండ మండిపోతోంది. గూటి దగ్గర ఆడది నోరు తెరుచుకుని ఉంది. మళ్లీ మూకుడు పెట్టేశాను. పుల్ల తీసేశాను. అది మూకుడు అంచు మీద వాలింది. బియ్యం కడుగుతూ మధ్యలో లేచి పెరట్లోకి వెళ్లేదాన్ని, ఎందుకొచ్చానో తెలియక తిరిగి వచ్చేదాన్ని. అన్నం మాడింది. మా ఆయన మాడిన అన్నం ఏమీ అనకుండా తిన్నాడు. అది చూసి నాకు ఇంకా కోపం వచ్చింది.

పిట్టల్ని రప్పించడం పుస్తకంలో దొరికినప్పుడు, పంపించేయడం కూడా దొరకాలి కదా అని బస్సెక్కి అరకు వెళ్లాను. గ్రంథపాలకుడు, నేను కలిసి బీరువా అంతా వెతికాం. వ్యవసాయం పుస్తకాల్లో ఒకచోట, చేలో గింజ తినే పిట్టల్ని తోలడానికి మెరిసే రిబ్బన్లు, డబ్బాలు కట్టమని ఉంది.

"నువ్వే కదమ్మా వాటిని అంత కష్టపడి పిలిచావు?" అన్నాడు.

"పిలిచాను సార్. ఇప్పుడు పొమ్మనాలి."

విషయం చెప్పాను. ఆయన చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "పుస్తకం ఇవ్వగలను గానీ, మీ పెద్దమావతో మాట్లాడడానికి నాకు అంత దమ్ము లేదమ్మా," అన్నాడు. నిజం చెప్పినందుకు ఆయన మీద గౌరవం పెరిగింది.

ఇంట్లో అటక మీద పాత క్యాసెట్లు ఉంటే వాటి రీలు లాగి పెరడంతా కట్టాను. గాలికి రీలు గుయ్యిమంటూ మెరిసింది. పికిలిపిట్టలు ఆ పూటే మాయమయ్యాయి. తేనెపిట్టలు కూడా రాలేదు. నేను కష్టపడి చేర్చుకున్న పిట్టలన్నీ పోయాయి, ఎవరి కోసం కట్టానో ఆ రెండు తప్ప. మగది రీలు కట్టిన కర్ర మీదే కూర్చుని పాడింది. మట్టిపెళ్ల విసిరాను. ఎగిరి సాల కప్పు మీద కూర్చుని నా వంక చూసి, కాసేపటికి పురుగు పట్టుకుని మళ్లీ గూటి వైపే వచ్చింది. పిల్లలున్న చోటు నుంచి అది పోదు. ఇది పుస్తకం చూసి తెలుసుకోవలసిన విషయం కాదు. అయినా నాకు ఆ పెళ్ల విసిరాకే తెలిసింది. రీలంతా విప్పేశాను. చేతులు నల్లగా అయ్యాయి.

ఇక మిగిలింది ఆడవాళ్లు. పేడ పోయకపోతే మగవాళ్లకు పిట్ట అవసరం ఉండదు కదా అనిపించింది. మర్నాడు బోరు దగ్గర బిందెలతో అందరూ ఉన్నప్పుడు అన్నాను:

"ఈ ఏడు పేడనీళ్లు ఒద్దే. మడుసుల మీద పేడ పోయడం ఏటి? పట్నం వాళ్లు ఫోన్లలో తీసి నవ్వుతున్నారు."

బోరు కొట్టే చెయ్యి ఆగిపోయింది. అందరూ వదిన వంక చూశారు.

"ఏటన్నావు?" అంది వదిన. "ఏడాదంతా ఆళ్లు తాగొచ్చి మనల్ని తిడితే, పడతన్నాం. ఒక్క రోజు మనది. అది కూడా ఒగ్గేయమంటావా? ఏ పుస్తకంలో ఉన్నాదే ఇది?"

"పుస్తకంలో నేదు. నా మాటే."

"అయితే నీ మాట ఇలగ తిరగడానికి కారనం ఉంటాది. సెప్పు. తమ్ముడు సెప్పమన్నాడా?"

"నేదు వదినా."

"మరేటి?"

నాకు చెప్పాలని లేదు. మా ఆయన నమ్మి చెప్పిన మాట అది. కానీ రోజుల తరబడి లోపల తిరుగుతున్నది నోటి దగ్గరికి వచ్చేసింది. పెద్దమావ రావడం, ఒక్క పిట్ట, పొద్దున్నే దిగి వచ్చి బంక రాయడం, అన్నీ చెప్పేశాను. పిల్లల సంగతి కూడా చెప్పాను. జాలి పడతారనుకున్నాను.

వదిన బిందె కింద పెట్టింది.

"ఏటీ? పెరట్లో పిట్టని పట్టుకొచ్చి ఏట అంటారా? దానికి మేం కాళ్లు కడగాలా?"

"అలగైతే నా కోడిపెట్టనీ ఏటాడి తెత్తారు," అంది ఇంకొకామె.

"సంతలో ఎండుసేప కొనుక్కొచ్చి గెడ్డ నీల్లలో పట్టినామంటారు!"

అందరూ ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు. పిట్ట పిల్లల గురించి ఒక్కరూ అడగలేదు. వాళ్లకు వచ్చిన కోపం మోసం గురించి, పోబోతున్న పేడ గురించి. నాకు ఆ క్షణంలో నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ వాళ్ల కోపమూ నా దిగులూ ఒకే దారిలో నడుస్తున్నాయని మాత్రం అర్థమైంది.

ఆ సాయంత్రం మా ఆయనకు తెలిసిపోయింది. ఊళ్లో మాట ఎంతసేపు ఆగుతుంది?

"నన్ను పేడలో ముంచడానికేనా నువ్వు సదువుకున్నాది?"

"నానేటి సేసేది? ఆటికి పిల్లలున్నాయి."

"సెప్తే నాను వేరే ఏటైనా సూసుకుందును గదా."

"ఏటి సూసుకుందువు? పెద్దమావ మాట కాదందువా?"

మర్నాడు మగవాళ్లతో కొండెక్కేటప్పుడు నాతో మాట్లాడకుండానే వెళ్లాడు. నడుముకు ఆకులో చుట్టిన బంక ముద్ద ఉంది. అది నేను చూశానని ఆయనకు తెలుసు.

మగవాళ్లు వెళ్లగానే ఆడవాళ్లు మా పెరట్లో దిగారు. కాపలా. రోడ్డు మీద కొందరు, పెరట్లో కొందరు అని వదిన పంచింది. పేడ కలిపిన కుండలు తెచ్చి గొడ్ల సాల గోడకు ఆనించి పెట్టారు, సరిగ్గా గూటి కిందే. చాపలు పరిచారు. చుట్టలు కాల్చారు. నవ్వులు, పాటలు. నా పిట్టల్ని కాపాడడానికి వచ్చిన వాళ్ల గోలకు ఆ పిట్టలే గూటికి రావడం మానేశాయి. మగది పనస చెట్టు మీద నుంచి పాడడం లేదు, కోపంగా చిర్రుమని అరుస్తోంది. నోట్లో పురుగు అలాగే ఉంది. లోపల పిల్లలు అరుస్తున్నాయి. మొదట గట్టిగా, తరవాత తగ్గిపోతూ.

నేను పెరట్లో ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉన్నాను.

"కూకోవే. నిన్ను సూత్తంటే నాకు కళ్లు తిరుగుతన్నాయి," అంది వదిన.

"మీరు అక్కడ ఉంటే అది లోపలికి ఎల్లదు వదినా. పిల్లలు సచ్చిపోతాయి. సస్తే మగాళ్లు అవే ఎత్తుకుపోయి సూపిస్తారు."

చివరి మాట ఎలా తోచిందో నాకు తెలియదు. వదిన లేచింది. కుండలు ఎత్తించి కంచె పక్కకు మార్పించింది. అందరినీ చాపలతో సహా పెరటి చివరి కాఫీ మొక్కల వరకు వెనక్కి జరిపింది. "నోరు మూసుకోండే, ఒక్క పూట," అంది. మా ఊరి ఆడవాళ్లు నోరు మూసుకుని కూర్చోవడం నేను చూడడం అదే మొదటిసారి. చాలాసేపు ఏమీ జరగలేదు. తరవాత ఆడపిట్ట గోడకు అడ్డంగా ఎగిరి, ఆగి, కన్నంలో దూరింది. బయటికి వచ్చింది. మగది దూరింది. అవి ఎన్నిసార్లు తిరిగాయో లెక్కపెట్టే ఓపిక నాకు లేదు. ఊపిరి మాత్రం ఆడింది.

పొద్దెక్కాక మగది సాల కప్పు మీద కూర్చుని పాడింది. నేను గుసగుసగా, ఇది వేరే పిట్టల గొంతులు కూడా నేర్చుకుని మధ్యలో కలుపుతుంది, పుస్తకంలో ఉంది అన్నాను.

"నువ్వూ అంతే గదా," అంది వదిన అంతే నెమ్మదిగా. పక్కవాళ్లు కొంగు నోట్లో కుక్కుకున్నారు.

మగవాళ్లు తిరిగి రావలసిన రోజు తెల్లవారుతుండగానే ఆడవాళ్లంతా కాఫీ మొక్కల మధ్య ఉన్నారు. మంచు ఇంకా విడలేదు. కంచె వెనక ఆకులు కదిలాయి. మా ఆయన. ఒంటరిగా, చెప్పులు చేత్తో పట్టుకుని, వంగి వస్తున్నాడు. పనస చెట్టు దాకా వచ్చి ఆగాడు. మగపిట్ట మూకుడు అంచు మీదే ఉంది, ఆయన్ని చూసి ఈల వేసింది. ఆయన దాన్ని చూస్తూ నిలబడ్డాడు. చెయ్యి నడుము దగ్గరికి వెళ్లిందా, లేదా? నేను కూర్చున్న చోటి నుంచి వీపే కనిపించింది. నాకు కేకేయాలనిపించింది.

"ఏరా తమ్ముడా," అంది వదిన మొక్కల్లోంచి. "పెరట్లో పులి గాని దిగినాదా?"

ఆయన ఎగిరిపడ్డాడు. పిట్ట పోయింది. నాలుగువైపుల నుంచి ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. ఆయన ఒక్కొక్కరినీ చూశాడు, చివరికి నన్ను చూశాడు.

"దాహమేసి వచ్చినానప్పా," అన్నాడు అక్కతో.

"పైన గెడ్డ ఎండిపోనాదా? తాగెల్లు. పిట్టలు తాగే నీల్లే."

ఆయన మూకుడు ముట్టుకోలేదు. చెప్పులు తొడుక్కుని వచ్చిన దారినే కొండెక్కాడు. ఆడవాళ్ల నవ్వులు ఆయన వెనక చాలా దూరం వెళ్లి ఉంటాయి.

మధ్యాహ్నం మగవాళ్లంతా దిగారు, ఉత్త చేతులతో. ఊరి మొదట్లో కుండలు సిద్ధంగా ఉన్నాయి. ముందు పెద్దమావ. ఆయన మీద పోయడానికి ఎవరికీ చెయ్యి ఆడక నిలబడితే, ఆయనే కర్ర పక్కన పెట్టి, "కానీండే, సలి ఎయ్యకముందే," అన్నాడు. వదిన తన చేత్తో కొంచెం, భుజం మీద మాత్రం పోసింది. మిగతావాళ్లకు ఆ దయ లేదు. మా ఆయన వంతు వచ్చేసరికి కుండ నా చేతికి ఇచ్చారు. ఆయన కళ్లు మూసుకున్నాడు. నేను మొత్తం పోశాను. నా లోపల రోజుల తరబడి ఉన్నదంతా ఆ కుండతో పోయిందని అందరూ అనుకున్నారు. పోలేదు.

అక్కడే, పేడ కారుతున్న మగవాళ్ల ముందు, వదిన చెప్పింది: "ఇనుకోండి. కంచె లోపలిది ఏట కాదు. పెరట్లో పిట్ట ఏటలోకి రాదు. ఏ ఏడూ రాదు." పెద్దమావ ముఖం తుడుచుకుంటూ, "సరేనే," అన్నాడు. మా ఊళ్లో మాట అలా పడితే పడినట్టే. అది పిట్టల కోసం పుట్టిన కట్టుబాటు కాదు, పేడ కోసం పుట్టింది. అయినా నాకు చాలు.

బోరు దగ్గర మా ఆయన వీపు రుద్దుతూ అడిగాను:

"మేం నేకపోతే రాసీవోడివా బంక?"

"ఏమో," అన్నాడు. కాసేపు నీళ్లు పోసుకున్నాక, "ఒక్కటే గదా అనుకుంటా దిగినాను. అక్కడికొచ్చినాక అది నన్ను సూసి ఈలేసినాది. మరి నాను కూడా ఎయ్యాలి గదా. ఎయ్యనేకపోనాను," అన్నాడు. అంతకంటే నేను అడగలేదు.

పండుగ అయిపోయిన వారంలో పిల్లలు గోడ దిగాయి. తోకలు ఇంకా పెరగలేదు. ఎగరడం రాదు. ఆకుల్లో గెంతుతూ తిరిగాయి. కట్టుబాటు మనుషులకే, పక్కింటి పిల్లికి కాదు. నేను మళ్లీ పెరట్లో నడక మొదలుపెట్టాను. ఒక రోజు అన్నీ కనిపించాయి, ఇంకో రోజు ఒకటి తక్కువ అనిపించింది, పొదలో ఉందేమో. తరవాత అవన్నీ ఎటో వెళ్లిపోయాయి. మగది ఇప్పటికీ పాడుతుంది. బతికినవి ఎన్నో నాకు తెలియదు. ఈ విషయంలో నాకు నిద్ర ఇంకా సరిగ్గా పట్టడం లేదు. పిలిచినదాన్ని కదా.

ఎవరికి కృతజ్ఞతలు చెప్పాలో చెప్పి ముగిస్తాను. పేర్లు రాయనన్నాను కాబట్టి ఎవరికి వారే గుర్తుపట్టాలి. తడిసిన పుస్తకానికి కూడా కోప్పడని గ్రంథపాలకుడికి. పేడ మీద హక్కు వదులుకోని మా ఊరి ఆడవాళ్లందరికీ, ముఖ్యంగా ఆ పూట దగ్గు వస్తే లేచి రోడ్డు దాకా నడిచి దగ్గి వచ్చినామెకు. భుజం ఒగ్గిన పెద్దమావకు. ఇది చదివి వినిపిస్తే, "నన్ను ఇంకొంచెం మంచిగా రాయవే," అన్న మా వదినకు. ఉన్నదున్నట్టే రాశాను వదినా. ఇక మా ఆయనకు. ఈల సంగతి రాయొద్దన్నాడు. రాశాను. కోపం వస్తే మళ్లీ చైత్రం వచ్చేదాకా ఓపిక పట్టాలి, అప్పుడు కుండ మళ్లీ నా చేతిలోనే ఉంటుంది.